అడ్వాన్సు ఇవ్వకముందే మీటరు చూడు తల్లీ

అమ్మాయ్,

సత్యనారాయణపురం ఇంట్లో నడుపుతున్న పిండివంటల పనిని ఆటోనగర్ షెడ్డుకు మారుస్తున్నావని, శ్రావణంలో మంచిరోజు కూడా చూశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. వీధి గదిలో రెండు పొయ్యిలతో మొదలైన పని షెడ్డు దాకా వచ్చిందంటే అది నీ చేతి చలవ, నీ ఓపిక. అద్దె, అడ్వాన్సు, రంగులు, బోర్డు మీద అక్షరాలు అన్నీ మాట్లాడుకున్నారట. కరెంటు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదట. “మీటరు ఉంది కదండీ” అని ఓనరు అన్నాడట, మీరూ సరే అన్నారట. నాకు మనసు ఆగనిది అక్కడే. ఇన్నేళ్లూ షాపులకూ షెడ్లకూ వైరింగులు చేయించిన మనిషిని, ఆ ఒక్క మాట నమ్మి ఇబ్బంది పడ్డవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ ఉత్తరం చదివాకే అడ్వాన్సు చేతులు మారనివ్వు.

పాలు పొంగించడానికి చిన్న పొయ్యి చాలు. పిండిమర తిరగాలంటే త్రీఫేజ్ కావాలి. ముహూర్తం పంతులుగారు పెడతారు, మీటరు తేదీ కరెంటాఫీసు పెడుతుంది. ఆ రెండో తేదీ తెలిశాక మొదటిది ఖాయం చేసుకోవాలి. వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు మొదలయ్యాయంటే దీపావళి దాకా నీకు ఊపిరి సలపదు. ఆ రోజుల్లో మిషన్లు కొత్తచోట, కరెంటు పాతచోట ఉంటే ఆర్డరిచ్చినవాళ్లకు ఏం చెబుతావు? వాళ్లు వేరే కొట్టు చూసుకుంటారు, మళ్లీ తిరిగి రావడం కష్టం.

మీ ఆయనను తీసుకుని షెడ్డుకు ఇంకోసారి వెళ్లు. ఈసారి గోడలూ రేకులూ కాదు, మీటరు బోర్డు ముందు నిలబడు. సర్వీస్ నంబరు మీటరు పక్కన గోడ మీద పెయింటుతో రాసి ఉంటుంది, లేదా పాత బిల్లు మీద ఉంటుంది, రాసుకో. మీటరు మీద చెక్కిన నంబరూ, బిల్లు మీది మీటరు నంబరూ ఒకటేనా చూడు. సీలు సరిగా ఉందా, తీగ తెగి వేలాడుతోందా చూడు. బటన్ నొక్కితే అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. యూనిట్ల రీడింగు, గరిష్ఠ డిమాండు వచ్చినప్పుడు ఫోన్లో ఫొటో తీసుకో. సీలు తెగిన మీటరు ఉన్నచోట చేరి నెల తర్వాత తనిఖీ జరిగితే, తెంపింది ఎవరన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అప్పుడు అక్కడ ఉన్న నువ్వే.

ఆ సర్వీస్ నంబరు ఫోన్లో పేమెంట్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఈ నెల ఎంత కట్టాలో కనిపిస్తుంది. అంతటితో తృప్తిపడకు. బిల్లుల లెక్కలు చూసే ఈఆర్‌ఓ ఆఫీసుకు వెళ్లి ఆ సర్వీసు లెడ్జరు చూపించమను. పాత బాకీలున్నాయా, కేటగిరీ మార్పు వల్ల వెనకటి తేదీ నుంచి వేసిన బిల్లేమైనా ఉందా, ఆ స్థలంలో అంతకుముందు రద్దయిన సర్వీసు ఏదైనా ఉందా అని అడుగు. ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు.

నాకు తెలిసిన కుర్రాడొకడు ప్రింటింగ్ ప్రెస్సు కోసం షెడ్డు తీసుకున్నాడు. అంతకుముందు అక్కడ ప్లాస్టిక్ సామాను చేసినవాళ్లు నెలల తరబడి బిల్లు కట్టకుండా ఖాళీ చేసిపోయారు. లైను తీసేసి, సర్వీసు రద్దయి ఉంది. ఇతను కొత్త మీటరుకు దరఖాస్తు పెడితే ఆ బాకీ తీరాకే అన్నారు. ఓనరును అడిగితే “నేను వాడలేదు, వాడినవాణ్ని అడుగు” అన్నాడు. వాడినవాడి ఫోను పనిచేయదు. క్రేనుతో దింపి, నట్లు బిగించిన మిషను మీద టార్పాలిన్ కప్పి, కొనుక్కొచ్చిన కాగితం కట్టలకు చెదలు పట్టకుండా కాపలా కాస్తూ అద్దె కట్టాడు. చివరికి ఆ బాకీలో సగానికి పైగా ఇతనే భరించాడు.

ఇది అన్యాయం కదా అంటావు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ చట్టం ఎటు ఉందో తెలుసుకోవాలి. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం స్థలం యజమాని అయినా, అందులో ఉంటున్నవాళ్లయినా అడిగితే దరఖాస్తు అందిన నెలలోగా కనెక్షను ఇవ్వాలి. అయితే ఆ బాధ్యతకు షరతులుంటాయని, నిబంధనల్లో రాసి ఉంటే ఆ స్థలం మీది పాత బాకీ తీర్చమని కొత్తగా వచ్చినవాళ్లను అడగవచ్చని 2023 మే 19న కె.సి. నినన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఉన్నవాళ్లు వేలంలో స్థలాలు కొన్నవాళ్లు. అంత సొమ్ము పోసి కొన్నవాళ్లకే తప్పలేదంటే అద్దెకు దిగేవాళ్లం మనమెంత? కనుక బాకీ లేదన్న కాగితం ముందు, అడ్వాన్సు తర్వాత. అద్దె అగ్రిమెంటులో కూడా ఒక వాక్యం రాయించు: ఫలానా తేదీ, ఫలానా రీడింగు వరకు ఉన్న కరెంటు బాకీలన్నీ యజమానివి, తర్వాత బయటపడ్డ పాత బిల్లు అద్దెలో మినహాయించుకోవచ్చు అని. మంచి ఓనరైతే సంతకానికి వెనకాడడు. వెనకాడితే అది కూడా నీకు తెలియాల్సిన సంగతే.

ఇంకో అలవాటు ఉంది, జాగ్రత్త. పెద్ద ఆవరణలో ఒకే సర్వీసు తీసుకుని, లోపల అద్దెకున్న నలుగురికీ సబ్‌మీటర్లు బిగించి, యూనిట్‌కు ఇంత అని ఓనరు వసూలు చేయడం. చూడటానికి సులువు, ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు. కానీ నీ పక్క షెడ్డువాడు డబ్బు ఇవ్వకపోయినా, అందరూ ఇచ్చాక ఓనరు కట్టకపోయినా ఫ్యూజు పీకేది అందరికీ కలిపే. బిల్లు కట్టకపోతే లైను తీసేముందు 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలని 56వ సెక్షన్ చెబుతోంది, నిజమే. ఆ నోటీసు వచ్చేది ఓనరు పేరుకు. నీకు తెలిసేది మూకుడులో నూనె కాగుతుండగా ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగినప్పుడు. నీకు విడిగా మీటరు ఉండాల్సిందే. ఓనరు నో అబ్జెక్షన్ లెటరు ఇస్తే అద్దె అగ్రిమెంటుతో నీ పేరు మీదే సర్వీసు తీసుకోవచ్చు. ఒకవేళ ఇప్పుడున్న సర్వీసే వాడుకోవాలనుకుంటే పేరు మార్పించుకో. కొన్నాళ్లు గడిచాక లోడు పెంచాలన్నా, ఫిర్యాదు చేయాలన్నా, డిపాజిట్ వెనక్కి అడగాలన్నా కాగితం మీద నీ పేరుండాలి.

ఇక లోడు. నువ్వు కూర్చుని స్వయంగా లెక్కేయాల్సింది ఇది, ఎలక్ట్రీషియన్ మీద వదిలేయకు. మిషన్ల నేమ్‌ప్లేట్లు చూడు. పిండిమర 5 హెచ్‌పీ, తడిగ్రైండరు 3, పిండి కలిపే మిషను 2 అనుకుందాం. మొత్తం 10 హెచ్‌పీ. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కాబట్టి అది దాదాపు 7.5 కిలోవాట్లు. కొత్తగా కొంటామంటున్న ఎలక్ట్రిక్ ఓవెన్ 9 కిలోవాట్లదైతే ఒక్కటే మోటార్లన్నింటికంటే ఎక్కువ తింటుంది. ప్యాకింగ్ మిషను, ఫ్రీజరు, ఫ్యాన్లు, లైట్లు కలిపి ఒక 3 కిలోవాట్లు. వెరసి 20 దగ్గరకు వచ్చింది. ఆ షెడ్డు సర్వీసు 5 కిలోవాట్లదే అయితే “మీటరు ఉంది” అన్న మాటకు అర్థం ఏముంది?

అలాగని భయపడి 30కి దరఖాస్తు పెట్టకు. తీసుకున్న లోడును బట్టి డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. ఆపైన కిలోవాట్‌కు ఇంత అని ఫిక్స్‌డ్ చార్జీ నెలనెలా పడుతుంది, మిషన్లు తిరిగినా తిరగకపోయినా. తక్కువ చూపించి ఎక్కువ వాడితే మీటరులో గరిష్ఠ డిమాండు నమోదవుతుంది, అదనపు లోడు కట్టమని నోటీసు వస్తుంది. అందుకని పని వరస ఆలోచించు. పొద్దున పిండి పట్టడం, మధ్యాహ్నం ఓవెన్ అయితే రెండూ ఒకేసారి నడవవు. ఒకేసారి నడిచేవన్నీ కూడి, కొంచెం ఎదుగుదలకు వదిలి, ఆ అంకె నీ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో సరిచూసుకుని అడుగు.

మోటార్ల సంగతి ఇంకొక్కటి. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు పూర్తి వేగం అందుకుని తిరిగేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లే తీసుకుంటుంది. స్విచ్ వేసిన క్షణంలో నేరుగా లైను మీద మొదలుపెడితే దానికి ఆరురెట్లు లాగుతుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ నుంచి షెడ్డుకు వచ్చే లైను పొడవుగా, సన్నగా ఉంటే ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది, రోజూ అలా మూలిగితే వైండింగ్ కాలుతుంది. స్టార్ డెల్టా స్టార్టరు పెడితే ఆ మొదటి లాగుడు మూడోవంతుకు తగ్గుతుంది. చుట్టుపక్కల షెడ్లన్నీ పనిచేసే మిట్టమధ్యాహ్నం వెళ్లి మూడు ఫేజుల మధ్యా వోల్టేజీ కొలిపించు. ఉండాల్సింది 415, ఆరు శాతం అటూ ఇటూ. ఆదివారం పొద్దున కొలిస్తే అన్నిచోట్లా బాగానే ఉంటుంది. మోటార్లకు కెపాసిటర్లు కూడా పెట్టించు, పవర్ ఫ్యాక్టర్ బాగుండాలి.

కేటగిరీ సంగతి తేలికగా తీసుకోకు. మన రాష్ట్రంలో ఇంటికి ఒకటో కేటగిరీ, వ్యాపారానికి రెండు, పరిశ్రమకు మూడు. నువ్వు చేసే తయారీ పనికి మూడో కేటగిరీ అడగాలి, ముందువైపు అమ్మకం కౌంటరు పెడితే అది రెండో కేటగిరీ మాట. రెండూ ఒకే షెడ్డులో ఉంటే ఏం చేయాలో కరెంటాఫీసు ఏఈ గారిని అడిగి, రాతలో తీసుకో, అవసరమైతే కౌంటరుకు వేరే మీటరు పెట్టించుకో. ఒక పనికని తీసుకుని ఇంకో పనికి వాడినట్టు తేలితే 126వ సెక్షన్ కింద మామూలు రేటుకు రెండింతలు వేస్తారు. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. దాని మీద అప్పీలుకు వెళ్లాలన్నా సగం ముందు కట్టాలి. చిన్న వ్యాపారానికి అది నడుం విరుస్తుంది.

దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు, కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ కస్టమర్ సర్వీస్ సెంటరులో అయినా ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషను నంబరు భద్రంగా దాచుకో, గడువు లెక్క దానితోనే మొదలవుతుంది. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024లో సవరించి, కొత్త కనెక్షనుకు మహానగరాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15 రోజుల గడువు పెట్టింది. ఈ గడువు లైను సిద్ధంగా ఉన్నచోటికే. కొత్త స్తంభాలు నాటాలన్నా, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చాలక పెంచాలన్నా ఎస్టిమేట్ వేస్తారు, డబ్బు కట్టాక పని మొదలవుతుంది, అది వారాలూ నెలలూ పట్టవచ్చు. అందుకే షెడ్డు ఖాయం చేసుకోకముందే లైన్‌మన్‌ను ఒక్క మాట అడుగు: “ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకో 15, 20 కిలోవాట్లు పడతాయా అన్నా?” ఎన్నేళ్లుగానో ఆ స్తంభాలెక్కే మనిషికి తెలిసినంత ఎవరికీ తెలియదు. గౌరవంగా అడుగు, కచ్చితంగా చెబుతాడు. గడువు దాటినా పని కాకపోతే 1912 నంబరుకు ఫోన్ చేసి చెప్పు, అక్కడా కాకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, ఆపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. అవి చట్టం మనకిచ్చినవే, మొహమాటపడకు.

లోపలి వైరింగు లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించు, వైరింగు పూర్తయినట్టు రిపోర్టు ఇచ్చేది కూడా ఆయనే. పాత షెడ్డు కాబట్టి రెండు విషయాలు నీ కళ్లతో చూడు. ఒకటి న్యూట్రల్. అది వదులైతే సింగిల్ ఫేజ్ మీద నడిచే ఫ్రీజరుకు, లైట్లకు 230 బదులు 400 దాకా వోల్టేజీ చేరి, ఒక్క నిమిషంలో అన్నీ కాలిపోతాయి. మెయిన్ బోర్డు తెరిపించి న్యూట్రల్ లింకు దగ్గర వైరు నల్లబడిందా, స్క్రూ గట్టిగా ఉందా చూపించమను. రెండోది ఎర్తింగ్. నీ పని తడి పని తల్లీ. పప్పు నానబెట్టిన నీళ్లు, కడిగిన నేల, తడి చేతులతో స్విచ్చులు. ఎర్త్ గుంత ఎక్కడుందో అడిగితే ఓనరు గోడ వెనక్కి చూపిస్తాడు, అక్కడ గడ్డి మొలిచి ఉంటుంది. ఎండాకాలమంతా నీళ్లు పోయని గుంత ఉన్నా లేనట్టే. కొత్తది తవ్వించు, ప్రతి మోటారు బాడీకీ రెండు వేర్వేరు ఎర్త్ వైర్లు వేయించు, గ్రైండరు దగ్గర పనిచేసే ఆడవాళ్ల ప్రాణాలకోసం కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఖర్చు అనుకోకు. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి నీ దగ్గరికి పనికొచ్చే ఆ తల్లులు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలి. బోర్డులు, స్టార్టర్లు నడుము ఎత్తు పైన ఉంచు, మోటార్లను దిమ్మల మీద ఎక్కించు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎంతమంది మోటార్లు నీళ్లపాలయ్యాయో నువ్వూ చూశావు.

జనరేటరు కొంటారట. కొనండి, కానీ చేంజోవర్ స్విచ్ లేకుండా ఒక్క గంట కూడా నడపొద్దు. ప్లగ్గుతో బోర్డులోకి వెనకనుంచి ఇచ్చే పద్ధతి ఉంది చూడు, అది హత్యతో సమానం. నీ షెడ్డులోని కరెంటు మీటరు దాటి లైనులోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ గుండా తిరగబడి వేల వోల్టులవుతుంది. లైను ఆపామన్న నమ్మకంతో స్తంభం మీద చేయి వేసిన మనిషి అక్కడికక్కడే పోతాడు. న్యూట్రల్‌తో సహా నాలుగు పోళ్లూ తెగే స్విచ్ పెట్టించు. ఈ మాటలో నాకు రాజీ లేదు.

గ్యాస్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంటి బండలు 14.2 కిలోలవి షెడ్డులో ఒక్కటి కూడా కనిపించకూడదు, అది నేరం. 19 కిలోల కమర్షియల్ బండలకు కొత్త చిరునామాతో ఏజెన్సీలో ముందే మార్పించుకో. లైసెన్సు లేకుండా ఒకేచోట 100 కిలోలు దాటి ఉంచకూడదు, అంటే ఐదు బండలు. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, లీకయితే నేలబారున పాకుతుంది. కనుక బండలుంచే చోట కిటికీ కాదు, నేలమట్టంలో గాలి పోయే దారి ఉండాలి, ఆ దగ్గరలో స్విచ్చులు, మోటార్లు ఉండకూడదు. మన ఊళ్లో భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు లైను ఉంది. ఆ వీధిదాకా వచ్చిందేమో కనుక్కో, వస్తే బండల బాధ తీరుతుంది.

పాత ఇంటి మీటరును తొందరపడి వదులుకోవద్దు. కొత్తచోట మిషన్లన్నీ ఒక వారం నికరంగా తిరిగాకే అది వదులు. రెండుచోట్లా ఒక నెల బిల్లు వస్తుంది, రానీ. వదిలే రోజున ఆ ఇంటి ఓనరమ్మను పక్కన ఉంచుకుని ఆఖరి రీడింగు ఫొటో తీసుకో, తుది బిల్లు కట్టి రసీదు ఆవిడకు ఇవ్వు. పని పెరిగినప్పుడు అదనపు డిపాజిట్ (ఏసీడీ) కింద బిల్లుతోపాటు నువ్వు కట్టిన సొమ్ము ఆవిడ సర్వీసు ఖాతాలోనే ఉంది. డిపాజిట్ మీద ఏటా వడ్డీ కూడా జమవుతుంది. నువ్వు కట్టిన రసీదులు చూపించి ఆ మొత్తం అద్దె లెక్కల్లో సరిచేసుకో. ఆవిడ మంచిది, మనసు నొప్పించకుండా మాట్లాడు. అప్పట్లో మీటరును వ్యాపారం కేటగిరీకి మార్పించి ఉంటే మళ్లీ ఇంటి కేటగిరీకి మార్చమని అర్జీ నువ్వే దగ్గరుండి పెట్టించు. నువ్వు వెళ్లాక పెద్దావిడ నెలనెలా కమర్షియల్ రేటు కట్టడం న్యాయం కాదు.

మొదటి మూడు నెలల బిల్లులు దాచి నాకు చూపించు. కాంట్రాక్టు లోడుకూ మీటరులో పడిన డిమాండుకూ తేడా ఎంతో చూస్తే లోడు తగ్గించాలో పెంచాలో తెలిసిపోతుంది.

రేపు సోమవారం ఆఫీసు తెరవగానే ఈఆర్‌ఓకు వెళ్లి లెడ్జరు చూసి, బాకీ ఉందో లేదో కాగితం తీసుకో. అది చేతికి వచ్చిన గంటలో నాకు ఫోన్ చెయ్యి. మంగళవారం కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు సంచిలో వేసుకుని నేనే వస్తాను, మధ్యాహ్నం షెడ్డు దగ్గర కలుద్దాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య